రొట్టెల పొయ్యి

మా ఆయన లింగ్యా బీడీ తాగడు. మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మకు ఈ మాట మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. నా మొగుడి సంగతి నాకన్నా ఆమెకు ఎక్కువ తెలుసా?

భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన మాకు టీ కొట్టు ఉండేది. పోయినేడు ఈయన గుండెకు స్టెంట్ వేశారు. దుమ్మూ పొగా గుండెను కూడా పాడుచేస్తాయని అప్పుడే తెలిసింది. అంతవరకు దగ్గు వస్తుందని మాత్రమే అనుకునేవాళ్లం. కొట్టు మూసేసి గంగారం దగ్గర మా తండాకు వచ్చేశాం. చుట్టూ అడవే. ఇంతకన్నా మంచి గాలి ఎక్కడ దొరుకుతుంది?

అయినా చలికాలం రాగానే ఆయనకు ఛాతీలో మళ్లీ నొప్పి మొదలైంది. మాత్రలు తప్పలేదు, కూరలో ఉప్పు తగ్గించాను. ఎందుకొస్తోందో నాకు అంతుచిక్కలేదు. ఈ మనిషి నాకు దక్కడేమోనని భయం పట్టుకుంది.

ఇంట్లో పొగేమైనా ఉంటుందా అని అడిగింది డాక్టరమ్మ. లేదన్నాను. రోజూ ఏం పెడుతున్నావంది. అది మాత్రం గొప్పగానే చెప్పాను. అన్నం మానిపించాను, రెండు పూటలా జొన్నరొట్టెలే. గ్యాస్ మీద సరిగా పొంగవని కట్టెల పొయ్యి మీదే కాలుస్తాను. చలికి తలుపు వేసుకుంటాం. ఆయన నా పక్కనే పీట వేసుకుని, పెనం మీంచి దిగింది దిగినట్టే తింటాడు. పెళ్లయిన కొత్తలోనూ అంతే.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఆ పొగేనమ్మా. లారీదైనా పొయ్యిదైనా గుండెకు చెరుపే."

నాకు అర్థం కాలేదు. మా అవ్వ జీవితమంతా ఆ పొయ్యి ముందే గడిపింది, ఆమెకేమైందని అడగబోయాను. అవ్వ యాభై ఏళ్లకే ఆయాసంతో పోయిందని అప్పుడే గుర్తొచ్చింది. మంచి చేస్తున్నాననుకుని రోజూ నా చేతులతోనే ఆయనకు పొగ పెట్టానా? ఏడుపొచ్చింది.

లింగ్యా నా వైపు చూడలేదు. డాక్టరమ్మతోనే మాట్లాడాడు.

"నేను తిన్నంతసేపే ఆడ కూసుంట మేడం. ఇది రెండు పూటల పొయ్యి కాడనే ఉంటది. బోరింగు కాడికి నీళ్లకు పోయొస్తెనే దమ్మొచ్చి ఆయాసపడతది. అడిగితె వయసంటది. జర దీన్ని సూడుండ్రి."

జబ్బు ఆయనకు, నాకు కాదన్నాను. చీటీ మీద పేరు కూడా ఆయనదేనన్నాను. నా మాట ఎవరూ వినలేదు. డాక్టరమ్మ కొత్త చీటీ తీసి నా పేరడిగింది. జమున అని ఆయనే చెప్పాడు.

పొయ్యి ముందు ఎన్నేళ్ల నుంచి కూర్చుంటున్నావని అడిగింది. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో నాకు తెలియలేదు.