తాయారు సిస్టర్ నోటుబుక్కు

పాతనగరంలో నలభై ఏళ్లు బట్టలు కుట్టిన జమాలున్నీసా ఒక ఉదయం స్నానాలగది గడప దగ్గర జారిపడింది. కాలు బెణికిందేమో అనుకుంది కోడలు ఇర్ఫానా. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాక అసలు సంగతి తెలిసింది. పదిహేనేళ్ల కిందట తుంటికీలు మార్చినప్పుడు తొడ ఎముకలోకి దించిన లోహపు కాడ చుట్టూ ఎముక విరిగింది.

"కాడ గట్టిగా ఉంటే ప్లేటు వేసి, తీగలు చుట్టి ఎముకను అతికిస్తాం. వదులైపోతే దాన్ని తీసి పొడుగుది వెయ్యాలి" అంది డాక్టర్ హేమశ్రీ. "అది ఏ కంపెనీదో, ఏ సైజో తెలిస్తే సరిపడే సామాను ముందే తెప్పించుకుంటాను. పాత కాగితాలున్నాయా?"

కాగితాలు హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయిపోయాయి. ఆ ఆపరేషన్ చేసిన చిన్న ఆసుపత్రి మూతపడి ఏళ్లయింది.

నొప్పికి పళ్లు బిగబట్టి జమాలున్నీసా అంది: "తాయారు సిస్టర్ని అడగండి. ఆవిడికి తెలుస్తాది."

ఇర్ఫానా ఇద్దరు ముగ్గురిని పట్టుకుని నంబరు సంపాదించింది. ఆ చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన తాయారు పెందుర్తిలో ఉంటోంది.

"జాకెట్లు కుట్టే జమాలమ్మేనా? పడిపోయిందా! రేపొద్దున్న వత్తాను, కంగారు పడకమ్మా" అంది ఫోనులో.

అన్నట్టే మర్నాడు బస్సెక్కి వచ్చింది, సంచిలో నీలం అట్ట నోటుబుక్కుతో. "అప్పట్లో మాకు తుంటి ఆపరేషన్లు కొత్త డాక్టరుగారూ. పెట్టెమీద రెండు లేబుళ్లుండీవి. ఒకటి కేసుషీటుకి, రెండోది నాను ఇందులో అంటించుకునీదాన్ని. ఎవలూ సెప్పలేదు, నాకే ముచ్చట."

హేమశ్రీ లేబుల్ చదివి, ఫోనులో ఫోటో తీసుకుని, "చాలా మంచి పని చేశారు సిస్టర్" అంది.

తాయారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటి ఆసుపత్రి వార్డు కిటికీలోంచి హార్బరు కనిపించేది. ఓడ కూత మొదలవగానే, అది ఆగేలోగా తలుపుదాకా నడవాలని జమాలున్నీసాకి పందెం పెట్టేది తాయారు.

"నన్ను ఉర్దూలో తిట్టీదానివి" అంది తాయారు.

"నీకు ఉర్దూ రాదు కదా, ఎలా తెలిసింది?"

"మొకం సూత్తే తెలీదేటి?"

"నవ్వించకు సిస్టరమ్మా, కాలు నొప్పెడతంది" అంటూనే జమాలున్నీసా నవ్వింది. ఆ కళ్లల్లో నీళ్లు నొప్పివో కావో ఇర్ఫానాకి తెలియలేదు. ఆ వార్డులో గంజి తెచ్చిచ్చే పైడయ్య, పక్క మంచం మీద పాటలు పాడే ముసలామె, ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ల గురించే సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు.

ఆపరేషన్లో కాడను కదిపి చూశారు. కదల్లేదు. లేబుల్ చూసి తెప్పించిన పొడుగు కాడ అవసరం పడలేదు. ప్లేటు వేసి, కాడ ఉన్నచోట తీగలు, కిందివైపు స్క్రూలు బిగించారు. ఆరు వారాలు కాలు మోపొద్దన్నారు. ఆ తర్వాత వాకర్‌తో కొద్దికొద్దిగా మోపింది. మూడో నెల ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నట్టు కనిపించింది.

పూర్తి బరువు మోపి నడవమన్న రోజు తాయారు ఇంటికొచ్చింది. అలవాటుగా జమాలున్నీసా చంకకింద చెయ్యేసింది. లేపబోయి తనే తూలింది.

"నువ్వు పట్టుకోకు, ఇద్దరం పడతాం."

తాయారు చెయ్యి తీసేసింది. ఎన్ని వందలమందిని నడిపించిన చెయ్యో. ఆమె ముఖం చిన్నబోవడం చూసి జమాలున్నీసా గొంతు మెత్తబడింది. "నా ముందు నడు సిస్టరమ్మా. నిన్ను సూసుకుంటా వత్తాను."

ఇర్ఫానా పక్కన నిలబడింది. వాకర్ మీద ఒక్కో అడుగూ వేస్తూ జమాలున్నీసా వసారాలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. తాయారు కూడా ఆయాసపడుతూ పక్కన కూర్చుంది.

"ఇంకోసారి నడు."

"టీ తాగాక" అంది జమాలున్నీసా.