కాపలా లేని క్యారియర్

నేను ఒక నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌ని. ఈ మాట చెప్పుకునేటప్పుడు నా పిడి కాస్త నిక్కుతుంది, ఏమీ అనుకోకండి.

మద్రాసు శివార్లలో ఒక షెడ్డులో చదునైన రేకుగా పడి ఉన్న నన్ను ఒక యంత్రం గుద్దుకొక గిన్నెగా చేసింది. అక్కణ్ణుంచి లారీలో గడ్డి చుట్టుకుని కావలి చేరాను. పాత్రల కొట్టులో పెంచలయ్య నన్ను బోర్లించి, వేలితో కొట్టి, చప్పుడు విని, "గట్టిదే" అన్నాడు. పక్కనే ఉన్న భార్య ఇందుమతిని అడగలేదు. రోజూ తోమేది ఆవిడే కనుక అడగనక్కర్లేదనుకున్నాడేమో.

ఇందుమతి బి.ఎస్సీ. ఫిజిక్సు. ఆ సంగతి ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి వెలగనప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

పెంచలయ్య తల్లి సుబ్బరత్నమ్మ బయట తిండి ముట్టదు. పన్నెండయ్యేసరికి ఇంటి పులిహోర, ఇంటి పెరుగన్నం ఆవిడ ముందుండాలి. అందుచేత ఆ కుటుంబం ఎక్కడికి వెళ్లినా నేను వెళ్లాలి. నేను వెళ్లాక నా దగ్గర ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఎవరనే చర్చ ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. మైపాడులో అందరూ అలల్లోకి దిగితే ఇందుమతి ఇసుకలో నా పక్కన కూర్చుంది. ఉదయగిరి కొండ ఎక్కినప్పుడు కింద మెట్ల దగ్గర కూర్చుంది. బొర్రా గుహలకు వెళ్లినప్పుడు ఆవిడా నేనూ కోతులతో గడిపాం. రాష్ట్రంలో బస్సులు నిలిపే స్థలాల గురించి ఆవిడ పుస్తకం రాయగలదు.

నేనంటే ఆవిడకు ఎంత ప్రేమో అనుకునేవాణ్ణి. గిన్నె బుద్ధి.

కిందటి దసరా సెలవుల్లో మాత్రం ప్రయాణం ఇందుమతి తలపెట్టింది. సూళ్లూరుపేట దాటి, పక్షుల సరస్సు మధ్య రోడ్డు మీదుగా రాకెట్ కేంద్రానికి. సందర్శకుల పాసుల కోసం ఫోనులో దరఖాస్తు పెట్టింది, అందరి ఆధార్ కాగితాలూ చేర్చింది. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న రాకెట్ ఇంజనును ఒక్కసారి కళ్లారా చూడాలని ఆవిడ కోరిక. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాలో పులిహోర సర్దుతూ తనలో తనే అనుకుంటే విన్నాను. మొదటి గిన్నెలో పులిహోర, రెండోదాంట్లో గారెలు, మూడోదాంట్లో వంకాయ వేపుడు, అడుగున పెరుగన్నం.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను చూశాడు.

"తినే సామాను లోపలికి పోదమ్మా. ఆ చెట్ల కింద తినేసి రండి."

అప్పటికి పదిన్నర. లోపల చూడ్డానికి తీసుకెళ్లే బృందం పదకొండుకు బయల్దేరుతుంది, ఆ పూటకు అదే ఆఖరిది.

"ఇప్పుడే తినేదేంది, పొద్దున ఇడ్లీ ఇంకా అరగనే లేదు," అంది సుబ్బరత్నమ్మ.

పెంచలయ్య ఆలోచించలేదు. దుర్మార్గుడు కాడు, అలవాటు. "సరే, ఇందూ, నువ్వీడ నీడన కూర్చో. మేం అట్టా పొయ్యి ఇట్టా వచ్చేస్తాం."

"అమ్మ రాకపోతే ఎట్టా నాన్నా? పాసులు తీసిందే అమ్మ," అంది కూతురు లాస్య.

"మీ అమ్మకు ఎండ పడదు లేవే," అంది నాయనమ్మ. కోడలికి ఎండ పడదన్న సంగతి కోడలికి కూడా ఆ రోజే తెలిసింది.

"పోయి రండి," అంది ఇందుమతి.

వాళ్లు లోపలికి వెళ్లారు. ఆవిడ చెట్టు కింద అరుగు మీద నన్ను పెట్టి పక్కన కూర్చుంది. గోడ అవతల తెల్లటి రాకెట్ నమూనా కొన మాత్రం కనబడుతోంది. ఆవిడ దానివైపు చూసింది. నావైపు చూసింది. పదకొండుకు పది నిమిషాలుందనగా లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, నా మూత ఒకసారి నొక్కి చూసి, "కూర్చో," అంది.

ఇరవై ఏళ్లలో ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

గేటు దగ్గర పాసు చూపింది. "సామాను?" అని అడిగారు. రెండు చేతులూ చాపి చూపించింది. అబద్ధమేమీ కాదు.

ఆ తర్వాత పావుగంటలో నాకు దక్కిన గౌరవం ఏ క్యారియర్‌కూ దక్కి ఉండదు. గస్తీ తిరిగే ఒకాయన నన్ను చూసి పది అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"రేయ్ మస్తానూ, ఏందిరా అది? ఎవురిది?"

"క్యారియర్ లాగుండాదన్నా."

"లాగుంటే సరిపోద్దా? కుక్కను తీసుకురా."

కుక్క వచ్చింది. నా చుట్టూ రెండుసార్లు తిరిగి, వాసన చూసి, నా ఎదురుగా చక్కగా కూర్చుంది. అలా కూర్చుంటే ఏదో ఉన్నట్టు లెక్కట. అందరూ మరో పది అడుగులు వెనక్కి జరిగారు. దాని చూపు రెండో గిన్నె మీద ఉందని, అందులో గారెలున్నాయని నేను చెప్పలేను కదా!

మైకులో పిలిచారు. "నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ బయట వదిలేసినవారు వెంటనే గేటు దగ్గరకు రావాలి."

లోపల జరిగింది తర్వాత లాస్య చెబితే విన్నాను. అప్పుడే ఇందుమతి వాళ్లను కలుసుకుని ఇంజను ముందు నిలబడిందట. పెంచలయ్య ఆవిడవైపు చూశాడట, ఎప్పట్లాగే. ఆవిడ ఇంజను మీంచి చూపు తిప్పకుండానే, "మీరు పొయ్యి రండి. కొన్నది మీరే గదా, గుర్తుపడతారు," అందట.

ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. ఒక్కొక్క గిన్నే ఆయన చేతే తీయించారు, రుచి చూడమన్నారు. తిన్నాడు. తిన్నాక మస్తాన్ నవ్వి, కుక్కకొక గారె అడిగాడు.

"ఇంక లోపలికి పోవచ్చా?" అన్నాడు పెంచలయ్య.

"మీరు పోవచ్చు సార్. ఇది పోదు. మళ్లీ వదిలేస్తే మళ్లీ పిలుస్తాం."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మొదటి అయిదు నిమిషాలు ఫోను చూశాడు. తర్వాత చీమలను విదిల్చాడు, కాకిని తోలాడు. లోపల్నుంచి జనం నవ్వులు వినబడినప్పుడల్లా మెడ చాచాడు. గోడ పైకి కొన తప్ప ఏమీ కనబడదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఒక గంట గడిచాక ఆయన నా పిడి మీద చెయ్యి వేసి, "మైపాడులో కూడా ఇంతసేపు కూర్చుందా?" అన్నాడు. నన్నే అడిగాడో, తన్ను తానే అడుక్కున్నాడో. అక్కడ మూడు గంటలు. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నది మూత.

పన్నెండున్నరకు వాళ్లు బయటికి వచ్చారు. సుబ్బరత్నమ్మ ఆకలి మాట మరిచిపోయి, ఆకాశంలోకి పోయిన మనిషి అక్కడ నీళ్లెట్టా తాగాలో, కాళ్లెట్టా నిలవవో చెబుతోంది. ఇందుమతి నెమ్మదిగా వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఏముందే లోపల?" అన్నాడు పెంచలయ్య. గొంతులో వెటకారం లేదు.

"మొదట్నుంచి చెప్పాల్నా?"

"చెప్పు."

చెప్పింది. అన్నాలు వడ్డిస్తూ చెప్పింది, బస్సులో చెప్పింది, మంట ఒకవైపుకు పోతే రాకెట్ రెండోవైపుకు ఎందుకు పోతుందో చేతులు తిప్పి చెప్పింది. నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయన. నెల్లూరు దాటేదాకా ఆయన ఒక్కసారి కూడా కిటికీలోంచి బయటికి చూడలేదు.

ఇప్పుడు నేను వంటింటి అటక మీద ఉన్నాను. వాళ్లు ప్రయాణాలు మానలేదు. దారిలో హోటల్లో తింటారట. పెంచలయ్య సాంబారు మీద సణుగుతాడట, సుబ్బరత్నమ్మ మసాలా దోసె రెండోది అడుగుతుందట. ఊరి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ వంటింట్లో ఇందుమతి తాను చూసినవాటి గురించి గట్టిగా చెబుతుంటుంది. ఖాళీ గిన్నెలకు ఒక సుగుణం ఉంది. వాటిలో మాట బాగా మోగుతుంది.