ఆగడం తెలియని కుక్క

రీక్ అత్తయ్య మా వంటగదిలో బుట్ట దించుతూనే చెప్పేసింది. "వారం ఉంచుకుని చూడండి. పిల్లలకు సరిపడకపోతే మొహమాటపడొద్దు. శనివారం పొద్దున నాకో మాట చెప్తే చాలు, దీనికి ఇంకో ఇల్లు కూడా చూసిపెట్టాను. పిల్లాజెల్లా లేని మొగుడూ పెళ్లాం. తొందరంటే ఏంటో తెలీని మనుషులు."

బుట్టలోంచి డ్రోప్ నావైపు చూసింది. నల్లటి ఫ్రెంచ్ బుల్‌డాగ్, మూడేళ్లది. ఎవరో అరచేత్తో మూతిని లోపలికి నొక్కేసినట్టుంటుంది మొహం. మేం జేబుల్లో వేసుకుని తిరిగే నల్ల మిఠాయి పేరే దానికి పెట్టుకుంది అత్తయ్య. ఆవిడ నా భర్త యోరిట్‌కి పిన్ని. పెద్దవాళ్లుండే అపార్ట్‌మెంట్‌కి మారుతోంది, అక్కడ కుక్కల్ని ఉండనివ్వరట.

డ్రోప్ గురగురమంటూ ఊపిరి పీల్చింది. చేతిలో పని ఆపేసి విన్నాను.

నీన్కే, మా పెద్దపిల్ల, దానికి తొమ్మిదేళ్లు. రెండో ఏటి నుంచి ఉబ్బసం. ఏడేళ్లుగా నా చెవులు దాని ఛాతీ మీదే ఉన్నాయి. మెట్లెక్కితే వింటాను, నవ్వితే వింటాను, తలుపు అవతల బొమ్మలేసుకుంటున్నా వింటాను. ఒక ఊపిరితోనే నాకు కుదురు లేదు, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఇప్పుడు ఇంకో ఊపిరి. పోనీ కుక్క వెంట్రుకలు పిల్లకు పడవని తప్పించుకుందామా అంటే, పడతాయని పరీక్షలో ఎప్పుడో తేలిపోయింది.

కరుస్తుందేమో అన్న భయం మొదటి గంటలోనే పోయింది. నాలుగేళ్ల మా సీబే దాని చెవులు లాగాడు, తన లాగు తొడిగాడు, మీదెక్కి పడుకున్నాడు. అది వాడి మొహమంతా నాకి ఊరుకుంది.

"చూశావా, పిల్లలంటే ప్రాణం దానికి," అన్నాడు యోరిట్.

"ప్రాణం ఉన్నంత వరకూ."

"నువ్వు ఊరికే ఉండలేవు కదా, హెండ్రికా?"

ఉండలేను. ఈ జాతి గురించి దొరికిందల్లా చదివాను. ఎండకు తాళలేవు, పరుగుకు తాళలేవు, ముక్కు రంధ్రాలు కోసి వెడల్పు చేయించాల్సి వస్తుంది కొన్నిటికి. అంతా చదివి వినిపిస్తే సీబే ఏడ్చాడు, యోరిట్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నీన్కే మాత్రం "ఉంచుకుందాం" అంది, కారణం చెప్పకుండా.

సరిగ్గా ఆ వారమే ఏటా జూన్‌లో జరిగే నడకలొచ్చాయి. వరసగా నాలుగు సాయంత్రాలు బడి పిల్లలందరూ ఐదేసి కిలోమీటర్లు నడవాలి. రోజూ చివర్లో కార్డు మీద ముద్ర వేస్తారు, నాలుగు ముద్రలు పడితే పతకం. గడిచిన రెండేళ్లూ నీన్కే రెండో సాయంత్రం దాటలేదు. రెండుసార్లూ నేనే వెనక్కి తీసుకొచ్చాను. సాయానికి వచ్చిన తల్లిగా పసుపు కోటు తొడుక్కుని, భుజాన సంచీలో ఇన్‌హేలరూ నీళ్లూ నడుస్తూ చప్పరించడానికి పుదీనా బిళ్లకడ్డీ గుచ్చిన నిమ్మచెక్కా వేసుకుని పక్కనే నడుస్తాను. దీపస్తంభానికోసారి "ఊపిరెలా ఉంది?" అంటాను.

మంగళ, బుధవారాలు మా ఊరి పక్కన పారే ఐసెల్ నది మీంచి చల్లగాలి. ముందు పెట్టె ఉన్న సైకిల్లో సీబేనీ డ్రోప్‌నీ కూర్చోబెట్టి తొక్కాడు యోరిట్. గురక కాస్త మారితే చాలు, నేను పెట్టెలోకి వంగి చూస్తున్నాను. నీన్కే స్నేహితులతో ఎక్కడో ముందుంది. రెండు ముద్రలు పడ్డాయి.

గురువారం ఎండ మండిపోయింది. కుక్క వద్దన్నాను.

"పెట్టెలో కూర్చోవడమేగా! తడి తువ్వాలు పరుస్తాను," అన్నాడు యోరిట్. సీబే రాగం అందుకున్నాడు. నేను సరేనన్నాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నది గట్టు మీద చెట్టన్నది లేదు. సగం దారిలో నీళ్లు తాగిన పిల్లలు ఉత్సాహం పట్టలేక పందెం వేసుకున్నారు. నీన్కే కూడా పరిగెత్తింది. అది చూసి డ్రోప్ పెట్టెలోంచి ఒక్క దూకు దూకింది.

"డ్రోప్! డ్రోప్!" అని పిల్లలు కేకలు. కేక వేసినకొద్దీ అది ఇంకా జోరందుకుంది. రెండొందల మీటర్లు కూడా వెళ్లలేదు, ముందుకాళ్లు జారి బోర్లాపడింది. నాలుక నేరేడు పండు రంగుకు తిరిగింది. ఆ గురగుర పోయి సన్నటి ఈల మిగిలింది. ఆ ఈల నాకు తెలుసు.

"నీళ్లు! ఎవరైనా నీళ్లు!" అని నేను అటూ ఇటూ పరిగెత్తుతున్నాను. నా సంచీలో సీసా ఉన్న సంగతే గుర్తు లేదు.

నీన్కే అప్పటికే గడ్డిలో మోకాళ్ల మీద ఉంది. "అందరూ దూరం జరగండి, దానికి గాలి ఆడాలి. నాన్నా, నీ నీడ దీని మీద పడేలా నిలబడు. అమ్మా, సీసా ఇటివ్వు. అరవకు. పక్కన అరిస్తే ఇంకా భయమేస్తుంది."

ఆ చివరి మాట కుక్క గురించే అనుకున్నాను ముందు.

పొట్టా పాదాలూ తడిపింది. కాసేపటికి నాలుక గులాబి రంగుకొచ్చింది. పశువుల డాక్టరు ఫోన్లో వెంటనే తెమ్మన్నాడు. పెట్టెలో సీబే పక్కన ఇరుక్కుని డ్రోప్‌ని ఒళ్లో పెట్టుకున్నాను.

"మరి నువ్వు?" అన్నాను నీన్కేతో.

"టీచరుంది కదా. వెళ్లమ్మా!"

డాక్టరు గదిలో కూర్చున్నాక గానీ చూసుకోలేదు, సంచీ నా భుజానే ఉంది. ఇన్‌హేలర్ సంచీలో ఉంది. టీచరుకు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ తీయడం లేదు. కుక్కని యోరిట్ చేతిలో పడేసి సైకిల్ మీద మిగిలిన దారంతా తొక్కాను. నడక ముగిసే చర్చి మైదానంలో నీన్కే మూడో ముద్ర వేయించుకుని పుల్ల ఐసు చీకుతోంది.

"నీ మందు నా దగ్గరుండిపోయిందే!"

లాగు జేబులోంచి ఇంకో ఇన్‌హేలర్ తీసి చూపించింది. "నా దగ్గర ఎప్పుడూ ఒకటుంటుంది. రెండేళ్ల నుంచి."

శుక్రవారం పొద్దున రొట్టెల దగ్గర యోరిట్ మొదలుపెట్టాడు. "జాగ్రత్తగా చూసుకుంటే బతుకుతుందన్నాడు డాక్టరు. ఇంట్లో పరిగెత్తొద్దని పిల్లలకు చెప్తే సరి."

"చెప్తే వింటారు మరి!" అన్నాను. వారమంతా వద్దనడానికి సాకు వెతికినదాన్ని. ఇప్పుడది చేతికొస్తే నోరు రావడం లేదు.

"నాకు డ్రోప్ కావాలి," అంది నీన్కే రొట్టె మీంచి తలెత్తకుండా. "అదుంటే అమ్మ నా ఊపిరి వినదు. ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు."

యోరిట్ నావైపు చూడలేదు. నాకు సిగ్గేసింది.

"కానీ పంపించేయండి," అంది పిల్ల. "ఎప్పుడాగాలో నాకు తెలుసు. దానికి తెలీదు. మేం పరిగెడితే అది చచ్చేదాకా పరిగెడుతుంది." అప్పుడేడ్చింది, కన్నీళ్లు రొట్టె మీది చాక్లెట్ తురుములో పడేలా.

శనివారం దాకా ఆగకుండా అత్తయ్యకు ఫోన్ చేశాను.

"ఏం, మీ సీబే గానీ దాన్ని కరిచాడా?" అని నవ్వింది. సంగతంతా చెప్పి, దాన్ని రేపు ఆ ఇంకో ఇంటికి పంపేద్దామన్నాను. "మంచి పని చేశారు," అంది చివరికి.

సాయంత్రం బడి గేటు దగ్గర పసుపు కోటు విప్పి ఇంకో పిల్లాడి తండ్రికిచ్చాను. నీన్కే కళ్లు చిట్లించింది.

"నువ్వు రావా? సంచీ ఏదీ?"

"ఇంట్లో కొక్కేనికి ఉంది. నేను చివర్లో ఉంటాను."

గంటన్నర. చర్చి మైదానంలో చెట్టు నీడన డ్రోప్ నా పాదాల మీద పడుకుని గురక పెట్టింది. ఒక చేతిలో నడక ముగించిన పిల్లల మెడలో వేసే మిఠాయి దండ, ఇంకో చేతిలో నిమ్మచెక్క. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. నిమ్మచెక్క నలిగి రసం మోచేతి దాకా కారింది. ఇప్పుడు గట్టెక్కుతుంటుంది, ఇప్పుడు వంతెన దాటుతుంటుంది. ఎండ నిన్నంత లేదు. కానీ ఉంది.

పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే బ్యాండు వినిపించింది. వెనక పిల్లల కేకలు. డ్రోప్ చటుక్కున లేచి తాడు లాగింది. నా కాళ్లూ అప్పటికే రెండడుగులు వేసేశాయి.

"ఆగవే," అన్నాను తాడు రెండు చేతులతో పట్టుకుని. "మనం పరిగెత్తక్కర్లేదు. నీన్కే వస్తుంది."

వచ్చింది. మొహం కందిపోయి, పతకం మెడలో. మిఠాయి దండ వేసి పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

"అడగవా?" అంది.

"అడగను."

ఊపిరి తీసుకుంది. చివర్లో సన్నగా ఈల ఉంది. నా చెవులు ఎక్కడికి పోతాయి?

"రెండుసార్లు ఆగాను. వంతెన దగ్గర మందు పీల్చుకున్నాను," అని తనే చెప్పి, నలిగిన నిమ్మచెక్క నా చేతిలోంచి లాక్కుని, డ్రోప్ పక్కన గడ్డిలో చతికిలపడింది.