మబ్బుచేతుల పట్టు

మడతక్క ఆరో దుప్పటి మడత పెడుతూ ఎనిమిదోసారి గడియారం చూసింది. పది దాటి పన్నెండు నిమిషాలు. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా దుప్పట్లు మడిచి మడిచి ఆమె బొటనవేళ్లు బయటికి వంగిపోయాయి. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

వెనక గదిలో, సబ్బు డ్రమ్ముల మధ్య, కూతురు సంచి పట్టుకుని కూర్చుంది. మొగుడు కొట్టిన చెంప ఇంకా ఉబ్బే ఉంది. పదిన్నర బస్సెక్కి పిన్ని దగ్గరికి చేరిపోవాలి. ఈలోపే అల్లుడు వస్తున్నానని ఫోన్ చేశాడు.

ఆదివారాలు వ్యాయామశాల హాలులో ఆమె పద్దెనిమిదేళ్లుగా చైనా యుద్ధవిద్య నేర్చుకుంటోంది. ఆ వరసలో మబ్బుచేతులనే కదలిక ఒకటుంది. "గాలిలో దుప్పట్లు ఆరేస్తున్నావా?" అని తోటి ఆడవాళ్లు ఆటపట్టించేవారు. చూడ్డానికి నిజంగా అలాగే ఉంటుంది. కానీ ఒక చెయ్యి మీదికొచ్చే చేతిని పక్కకు తోస్తుంది, రెండోది మోచేతిని పట్టి కిందికి వంచుతుంది. మాస్టారు చెప్పారు, ఆమె నమ్మింది. పగబట్టి వచ్చిన మనిషి మీద ఏనాడూ ప్రయత్నించింది లేదు. పనిచేస్తుందా, పాడా? అదే ఆమె భయం.

ఇందాక వెనక గదిలో కూతురికీ నేర్పబోయింది.

"ఆయన చెయ్యెత్తితేనే నాకు కాళ్లు వణుకుతాయమ్మా. ఇవన్నీ ఏం గుర్తుంటాయి?" అని కూతురు ఏడ్చింది.

"సరేలే, నేనే పట్టుకుంటా. నువ్వు వెనక తలుపులోంచి వెళ్లిపో. వెనక్కి చూడకు."

పది ఇరవైకి అల్లుడు రానే వచ్చాడు.

"అదెక్కడ, అత్తయ్యా?"

"ఇక్కడ లేదు బాబూ."

"అబద్ధాలు చెప్పకండి. తప్పుకోండి." మణికట్టు పట్టి లాగాడు.

ఆమె ఆలోచించలేదు. లాగిన వైపే అడుగేసి నడుము తిప్పింది, చేతులు వాటంతటవే కదిలాయి. అల్లుడి ముఖం ఇస్త్రీ బల్లకు ఆనుకుంది. అమ్మో, పనిచేసింది! వెనక తలుపు కిర్రుమంది. ఇంకో పది నిమిషాలు ఇలాగే పట్టుకుంటే చాలు.

నొప్పి తట్టుకోలేక అల్లుడు బల్ల మీద టపటపా రెండుసార్లు చరిచాడు.

హాలులో ఎదుటివాళ్లు రెండుసార్లు చరిస్తే తక్షణం వదిలేయాలి. పద్దెనిమిదేళ్ల అలవాటు. మడతక్క వదిలేసింది. వదిలి, ఒకడుగు వెనక్కి వేసి, నమస్కారం కూడా పెట్టింది! అల్లుడు ఒక్క క్షణం వెర్రిమొహం వేసి, వెనక తలుపు వైపు పరుగెత్తాడు.

"అయ్యో, నా చేతులు పడిపోనూ!"

ఆ కేక విని పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ అతని వెనకే బస్టాండుకు పరుగెత్తింది. పావుగంటకు రొప్పుతూ తిరిగొచ్చింది.

"వెళ్లిపోయిందక్కా! ఆయనొక్కడే అక్కడ నిలబడి అరుస్తున్నాడు. కాకపోతే రెండు బస్సులు ఒకేసారి కదిలాయి. దేన్లో ఎక్కిందో నేను చూడలేదు."

మడతక్క ఊపిరి పీల్చుకుని వెనక గదిలోకి వెళ్లింది. డ్రమ్ము మీద కూతురి కళ్లద్దాలు కనిపించాయి. పట్టు నేర్పే ముందు, హాలులో చేసినట్టే, తానే తీయించింది. ఏడుపులో ఆ పిల్ల మళ్లీ పెట్టుకోనేలేదు. అవి లేకుండా దానికి బస్సు బోర్డు కనబడదు, నోరు తెరిచి ఎవరినీ అడగనూ అడగదు.

విరిగిన పుల్లకు తెల్లదారం చుట్టిన ఆ మందపాటి అద్దాలు డ్రమ్ము మీద తెరిచే ఉన్నాయి.