పార్కింగ్ చార్టు

మొదటిరోజు వాళ్ళకు చప్పట్లు కొట్టడం నేర్పారు. వాన చప్పట్లు, రైలు చప్పట్లు, ఎవరైనా మంచిమాట చెబితే కొట్టే మెరుపు చప్పట్లు. హాల్లో ఉన్నవాళ్ళంతా బడిపంతుళ్ళు. పేద దేశాల నుంచి విమానం టికెట్లు ఇచ్చి మరీ రప్పించినవాళ్ళు. కొందరికి తల నెరిసింది. అందరూ కొట్టారు. లెక్కల టీచరు కూడా కొట్టింది, ఎవరూ తనను చూడకపోతే బాగుండునని చుట్టూ చూస్తూ.

పక్కన కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్‌దీ ఆమె దేశమే. హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ ఏడాదిలో రిటైరవుతుంది, ఎవరికీ భయపడదు. శిక్షణ ఇచ్చే పెద్దమనిషికి మొదటి గంటలోనే పేరు పెట్టేసింది: చప్పట్ల దొర.

"ఈయన ఎప్పుడైనా బళ్ళో పాఠం చెప్పాడంటావా అక్కా?" అని అడిగింది టీచరు.

"చెప్పుంటే ఇక్కడెందుకుంటాడే? మనలాగా అక్కడే పడుండేవాడు."

దొర దగ్గర ఒక పద్ధతి ఉంది. గోడకు ఖాళీ చార్టు అంటించి, పైన 'పార్కింగ్' అని రాశాడు. ఎవరైనా చిక్కుప్రశ్న వేస్తే దాన్ని పసుపు చీటీ మీద రాసి ఆ చార్టుకు అంటించమంటాడు. తర్వాత చూద్దామంటాడు. అడిగినందుకు మెరుపు చప్పట్లు. ఆ పైన ఆ చీటీ జోలికి ఎవరూ పోరు.

రెండోరోజు పాఠం, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించడం. పిల్లలుగా నటించమంటే పంతుళ్ళు బల్లల చుట్టూ చేరి రంగు పెన్సిళ్ళతో చేపలు గీశారు. లెక్కల టీచరు చెయ్యెత్తింది.

"మా బళ్ళో ఒక్క గదిలో మూడు తరగతులు కూర్చుంటాయి సార్. టీచర్ని నేనొక్కదాన్నే. ఒక తరగతిని మాట్లాడుకోమంటే మిగతా రెండింటికీ నా మాట వినపడదు. ఏం చెయ్యాలి?"

"చక్కటి ప్రశ్న," అన్నాడు దొర. "పార్క్ చేద్దాం."

ఆమె రాసి అంటించింది. చప్పట్లు మోగాయి.

"బండి పెట్టేశావుగా, ఇక తాళం పారేసుకో," అంది హెడ్‌మిస్ట్రెస్, చేప తోకకు రంగు వేస్తూ.

ముగింపు రోజున ఈ శిక్షణకు డబ్బిచ్చే సంస్థ పెద్దలు వస్తారు, వాళ్ళ ముందే మళ్ళీ అడుగుతానంది టీచరు. అడిగేదే. కానీ టీ దగ్గర సూట్‌కేసు సార్ పట్టుకున్నాడు. వాళ్ళ దేశం పంతుళ్ళను వెంటబెట్టుకొచ్చిన విద్యాశాఖ అధికారి ఆయన. ఏ దేశంలో శిక్షణ ఉన్నా ఆయన సూట్‌కేసు ముందే సర్ది ఉంటుందని ఆ పేరు.

"జిల్లా శిక్షణ కేంద్రంలో ఒక పోస్టుందమ్మా. మీలో ఒక్కరికే. దొరగారు ఎవరి పేరు చెబితే వాళ్ళకి." బిస్కెట్టు టీలో ముంచాడు. "అడిగేవాళ్ళంటే ఆయనకి ఇష్టమే. అడిగిందే అడిగేవాళ్ళంటేనే కొంచెం..."

ఆ కేంద్రం ఆమె భర్త పనిచేసే ఊళ్ళో ఉంది. ఆమె బడి కొండల్లో ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ చెరోచోట. కూతురు తండ్రి దగ్గర, నాయనమ్మ చేతిలో పెరుగుతోంది. బదిలీ కోసం ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. సాయంత్రం ఫోన్లో సంగతి చెప్పింది.

"అయితే నోరు కట్టేసుకో," అన్నాడు భర్త. "మీ అమ్మ ఏం చేస్తుందని బళ్ళో అడిగారట. ఫోన్ చేస్తుంది అని చెప్పిందట నీ కూతురు."

ముగింపు రోజు పెద్దలు వచ్చారు, మెడల్లో కార్డులు, చేతుల్లో నీళ్ళ సీసాలు. వాళ్ళలో ఒకావిడ గోడలు చదువుకుంటూ వచ్చి పార్కింగ్ దగ్గర ఆగింది. చీటీలు చాలావరకు జిగురూడి రాలిపోతే ఊడ్చేశారు. లెక్కల టీచరుది మిగిలింది.

"ఇదెవరిది? జవాబు దొరికిందా?"

దొర నవ్వుమొహంతో టీచరు వైపు చూశాడు. సూట్‌కేసు సార్ నేల వైపు చూశాడు.

ఆమె లేచి వెళ్ళి చీటీ పీకింది. పక్కనున్న 'నేర్చుకున్నవి' చార్టుకు అంటించింది.

"దొరికింది మేడమ్. గుంపులు చెయ్యడం రావాలి గానీ, గదిదేముంది?"

మెరుపు చప్పట్లు. దొర అందరికంటే గట్టిగా కొట్టాడు. హెడ్‌మిస్ట్రెస్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పెట్టెలు సర్దుకునేటప్పుడు టీచరే ఉండబట్టలేకపోయింది. "ఏమీ అనవేం అక్కా?"

"అనడానికేముందే? పిల్ల దగ్గరికి పోతున్నావు, పో." హెడ్‌మిస్ట్రెస్ తువ్వాలు మడిచి పెట్టెలో కుక్కింది. "గదిదేముంది అన్నావు చూడు, ఆ ముక్క మాత్రం దొరకు కూడా తట్టుండదు."

పోస్టు వచ్చింది. అమ్మ ఏం చేస్తుందని అడిగితే, పెద్దవాళ్ళ చేత చప్పట్లు కొట్టిస్తుందని చెబుతోంది కూతురు.

జిల్లా కేంద్రంలో ఆమె పెట్టిన మొదటి శిక్షణకు కొండల నుంచి ఒక కుర్ర పంతులు వచ్చాడు. గుంపుల పాఠం నడుస్తుండగా లేచాడు.

"మీ బడికే వేశారు మేడమ్ నన్ను. ఆ గది మీకు తెలుసుగా. మూడు తరగతులూ ఒక్కణ్ణే చూస్తున్నా. మీరెలా చేసేవారు?"

ఆ గదిలో ఆమె ఎప్పుడూ గుంపులు చెయ్యలేదు.

"చక్కటి ప్రశ్న," అంది. పసుపు చీటీ చాచింది. "రాసి ఆ చార్టుకు అంటించండి."

"మీకు తెలిసిందేగా మేడమ్, రాసేదేముంది?" అతను చీటీ అందుకోలేదు.

ఆమే రాసింది. ఒక్క మాట దగ్గరా ఆగలేదు. అంటించి వెనక్కి తిరిగేసరికి హాలంతా మెరుపు చప్పట్లు కొడుతోంది. కుర్ర పంతులు మాత్రం కూర్చుని, ఎవరూ తనను చూడకపోతే బాగుండునన్నట్టు చుట్టూ చూస్తున్నాడు.