తొలకరి తెల్లబడిన వేసవి

ఆదివారం పొద్దున సద్ది తిని, గిన్నెలు కడుక్కున్నాక, నల్లమాడలో ఆడవాళ్లు చాటలు చంకన పెట్టుకుని బయ్యన్న ఇంటి ముందు నీడకు వేసిన చప్పరం కిందికి చేరేవాళ్లు. వాన పడేలోపు విత్తనం శెనక్కాయలు ఒలిచి పెట్టుకోవాలి. బయ్యన్న చెల్లెలు వనజాక్షి కుట్టుమిషన్ ఒక పక్కకు జరిపి, కదిరి బస్టాండులో కొన్న ‘ఏడు వానల రాజ్యం’ ఆరు భాగాల్లో ఒకటి తెరిచి చదివేది. అట్టలు ఊడిపోతే రవికల ముక్కలతో తనే మళ్లీ కుట్టుకున్న పుస్తకాలవి.

రెండో పేజీ తిప్పేలోపు నల్లగుర్రం తొలకరి వచ్చేది. విశాఖ అనే పిల్ల ఎక్కడెక్కడో తప్పిపోయిన ఏడు వానలను వెదుక్కుంటూ పోతుందే, ఆ పిల్ల ఎక్కే గుర్రం. పుస్తకంలో రాసినట్టే నిగనిగలాడే నలుపు. వచ్చి, వామిలోంచి ఎండిన శెనగతీగల కట్టె ఇంత లాక్కుని నములుతూ నిలబడేది. అది అడుగేసిన చోటల్లా గిట్టల గుంటల్లో నీళ్లూరేవి. కోళ్లు పోయి ఆ నీళ్లు తాగేవి.

“ఇప్పుడే అలికినా. మళ్లా బురద చేసె సూడు,” అని బయ్యన్న భార్య లక్ష్మీదేవమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే కడుగునీళ్ల బకెట్టు దాని ముందుకు జరిపేది. చదవడం అయిపోతే గుర్రం గుట్టల వైపు వెళ్లిపోయేది. ఆడవాళ్లు చాటలు దులుపుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

వనజాక్షి గొంతు పెద్దది. విశాఖ కేక వేస్తే వీధి చివర టీకొట్టు దాకా వినపడేది. పుస్తకం మూశాక మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో, రవికె ఎప్పుడిస్తావని అడిగినా చేత్తోనే సైగ చేసేది. ధర్మవరంలో కాపురం చేసింది రెండేళ్లే. ఒకరోజు ట్రంకుపెట్టెతో బస్సు దిగింది. ఎందుకొచ్చావని అన్న అడగలేదు, తనూ చెప్పలేదు. అదై పదేళ్లు.

తొలకరి తెల్లబడిన ఆ వేసవిలో, ఒక ఆదివారం, కేబుల్ నడిపే ఓబులేషు సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకు తోసేసి పరిగెత్తుకొచ్చాడు.

“అక్కా! ఏడు వానల రాజ్యం టీవీలో వస్తాండాది! వచ్చే ఆదివారం నుంచే. పదకొండు గంటలకు!”

చప్పరం కింద చాటలు ఆగిపోయాయి. కాసేపు అందరి ముఖాలూ వెలిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కరికే దిగులు మొదలైంది.

“విశాఖ ఏసం ఎవరేస్తారంట?” అంది పెద్దక్క. కూలి పనులు చేసుకునే మనిషి. విశాఖను తన కూతురి కంటే ఎక్కువగా వెనకేసుకొచ్చేది. “ఆ పిల్ల ఎండలో తిరిగిన పిల్ల. తెల్లగా సున్నం కొట్టినట్టుండేదాన్ని తెస్తే ఊరుకునేది లే.”

“నాలుగో వాన దొరికే కాడ విశాఖ ఏడ్వదు. గుర్తుండాదా? ఈళ్లు ఏడిపిస్తారు సూడు,” అంది ఇంకొకామె.

గొర్రెలు మేపే మారెప్ప అన్నీ విని, చివరికి తన భయం బయటపెట్టాడు. ఆదివారం పూట గొర్రెలను అన్న కొడుక్కు అప్పజెప్పి మరీ కథ వినడానికి వచ్చే ముసలాయన. “అయన్నీ సరే. తొలకరిని యాడ తెస్తారప్పా? అది ఈడ ఉండాది కదా?”

అందరూ దాని వైపు తిరిగారు. తొలకరి కట్టె నములుతూ ఉంది.

ఆదివారం బయ్యన్న ఇంటి నడవ నిండిపోయింది. పాటయ్యాక టీవీలో గుర్రం కనపడింది. తెల్లగుర్రం. మెడకు పూసల దండ, నుదుటి మీద తళుకులు.

“ఇది తొలకరా? పెండ్లి ఊరేగింపు గుర్రమప్పా ఇది!” అంది పెద్దక్క. అందరూ గొల్లుమన్నారు. విశాఖ నాలుగో వాన దాకా కూడా ఆగకుండా మొదటి రోజే ఏడ్చింది. కోట గోడ గాలికి ఊగింది. వనజాక్షి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు కిటికీలోంచి తొలకరి తల లోపలికి పెట్టింది. టీవీ వైపు చాలాసేపు చూసింది. బుసకొట్టి, కట్టె ముట్టకుండానే వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం దాని నుదుటి మీద అరచేతంత తెల్లమచ్చ ఉంది. ఆ తర్వాత మెడ తెల్లబడింది. వారం వారం తెలుపు పాకుతూ పోయింది. గిట్టల గుంటల్లో నీళ్లు తగ్గి తేమగా మిగిలాయి. లక్ష్మీదేవమ్మ తవుడు కలిపి పెట్టింది. మారెప్ప బొగ్గు నూరి, నూనెలో కలిపి రుద్ది చూశాడు. మరుసటి వారానికి అదీ నిలవలేదు.

“సీరియల్ సూడకుండా ఉందామా?” అంది పెద్దక్క.

“మనం సూడకుంటే ఏం? రాష్ట్రమంతా సూస్తాండాది,” అన్నాడు ఓబులేషు. చెప్పలేక చెప్పలేక అసలు సంగతి చెప్పాడు. పేపర్లో వేశారట. వచ్చే ఆదివారం గుర్రాన్ని చంపేస్తారట. గుర్రంతో షూటింగు కష్టంగా ఉందట.

“పుస్తకంలో చావదే!” అన్నాడు మారెప్ప.

పుస్తకంలో చావదు, బతకదు కూడా. ఆరో భాగం చివర వేటగాడు తొలకరి మీదికి బాణం ఎక్కుపెట్టాడు. విశాఖ చూసింది. అక్కడితో ఆ భాగం అయిపోయింది. ఏడోది రాయకుండానే రాసినాయన కాలం చేశాడు. అందుకే టీవీవాళ్లది ఇష్టారాజ్యమైంది.

ఆ వారంలోనే ధర్మవరం నుంచి వనజాక్షి మొగుడి మేనమామ గురప్ప వచ్చాడు. అత్త మంచాన పడిందట, చూసే దిక్కు లేదట, పాతవన్నీ మరిచిపోయి పిల్లను పంపమన్నాడు. బయ్యన్న చెల్లెలి వైపు చూశాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది, తల ఎత్తలేదు. ఒప్పుకుందనుకున్నాడు బయ్యన్న. ఆదివారం జీపు తెమ్మన్నాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం ఆ పూట పొయ్యి దగ్గర గిన్నెలన్నీ గట్టిగా పెట్టింది.

ఆదివారం ట్రంకుపెట్టె గుమ్మం పక్కకు వచ్చింది. టీవీ ముందు బయ్యన్న ఒక్కడే కూర్చున్నాడు. మిగతావాళ్లంతా చప్పరం కిందే ఉన్నారు.

తొలకరి ఆలస్యంగా వచ్చింది. ఎడమ చెవి తప్ప ఒళ్లంతా సున్నంలా తెల్లగా ఉంది. గిట్టల కింద దుమ్ము లేచింది. కుట్టుమిషన్ దాకా వచ్చి, ముందుకాళ్లు మడిచి కూలబడింది. లోపల టీవీలో సీరియల్ పాట మొదలైంది.

“చదువమ్మా,” అన్నాడు మారెప్ప.

“అయిపోయింది కదా మారెప్పా. ఆయన రాయలే.”

“రాయకుంటే నువ్వు చెప్పు.”

“నాకు చదివేదే తెలుసు.”

“ఇన్నేండ్లు ఆ పిల్లతో తిరిగినావు. ఆ పిల్ల ఏం చేస్తాదో నీకు తెలీదా తల్లీ?”

వనజాక్షి గుర్రం ముఖం మీద చెయ్యి పెట్టింది. అది చల్లగా ఉండేది. ఇప్పుడు ఎండలో పెట్టిన రాయిలా ఉంది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

“విశాఖ...” అంది. ఆగింది. “విశాఖ బాణానికి అడ్డం పోయింది.”

పెద్దక్క చాట కింద పెట్టింది.

“వేటగాడు, ‘జరుగు, ఈ గుర్రం నాది’ అన్నాడు. ఆ పిల్ల, ‘నీది కాదు. నాదీ కాదు. యాడికి పోవాల్నో దాన్నడిగినావా? అడుగు!’ అనింది.”

ఆ ‘అడుగు’ టీకొట్టు దాకా పోయింది. తొలకరి చెవి కదిలింది. చెవి మొదట్లో నలుపు సిరా ఒలికినట్టు మెడ మీదికి దిగింది. వనజాక్షి చెప్తూ పోయింది. తనకు తెలియని మాటలు తన నోట్లోంచే వస్తుంటే ఆమె కూడా వింటూ ఉంది. నలుపు వీపు మీదికి, తొడల మీదికి పాకింది. లోపల వయొలిన్లు గట్టిగా మోగాయి. టీవీలో తెల్లగుర్రం పడిపోయింది. ఒక్కరూ అటు తిరగలేదు. తొలకరి లేచి నిలబడి ఒళ్లు విదిలించుకుంటే చాటల మీద చినుకులు పడ్డాయి.

జీపు వచ్చి ఆగింది. గురప్ప దిగి, తోవకు అడ్డంగా ఉన్న గుర్రాన్ని తొయ్యబోయాడు. అది జరగలేదు. పక్కనుంచి ఒదిగి వచ్చాడు.

“ఏమ్మా, పెట్టె సర్దినావు కదా? దా, పొద్దుపోతాది.”

“నేను రాను,” అంది వనజాక్షి. కథ చెప్తున్న గొంతే అది, ఇంకా తగ్గలేదు.

గురప్ప నిలబడిపోయాడు. “ఎవరి మాటమ్మా ఇది?”

“నాదే. ఆ ఇంట్లో నన్ను పొయ్యి కాడి కట్టె మాదిరి చూసినారు. ఎందుకొచ్చినావని ఈడా ఎవరూ అడగలే. అడిగింటే అప్పుడే చెప్పిందును.”

బయ్యన్న గుమ్మంలోకి వచ్చాడు. టీవీలో గుర్రం చచ్చిపోయినందుకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా నల్లగా నిగనిగలాడుతూ తొలకరి కట్టె నములుతోంది.

“ఏమప్పా బయ్యన్నా, నువ్విచ్చిన మాటేమాయ?” అన్నాడు గురప్ప.

బయ్యన్న గుర్రాన్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“అది నా మాట మామా. ఆమెను అడక్కుండా ఇచ్చినా. తప్పు నాదే.” లోపలికి కేకేశాడు. “లక్ష్మీ, మామకు మజ్జిగ తీస్కరా.”

లక్ష్మీదేవమ్మ చెంబు అప్పటికే చేతిలో పట్టుకుని ఉంది.

గురప్ప మజ్జిగ తాగి, గొణుక్కుంటూ జీపెక్కాడు. డ్రైవరు ఎక్కలేదు. చప్పరం గుంజకు ఆనుకుని నిలబడి, “ఒక్క నిమిషం పెద్దాయనా, కత ఇని పోదాం,” అన్నాడు. గురప్ప హారన్ కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఆయనే దిగి వచ్చి, పెద్దక్క జరిగి ఇచ్చిన చోట ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

ఇన్నేళ్లలో చప్పరం కింద ఎప్పుడూ కూర్చోని బయ్యన్న, ట్రంకుపెట్టెను లోపల పెట్టేసి వచ్చి నేల మీదే చతికిలబడ్డాడు. ఒక చాట ముందుకు లాక్కున్నాడు.

“ఆ వేటగాడు ఏమన్నాడమ్మా?” అని అడిగాడు.

“నాకూ తెలీదన్నా,” అంది వనజాక్షి. “ఉండు, చెప్తా.”