ఉక్కు నీడ

స్వామిదాసు కామారెడ్డిలో తెలుగు లెక్చరర్. పుట్టి పెరిగింది ఎల్లారెడ్డిలో. అతని తల్లి సాలవ్వ నాట్లకు పోయే కూలిమనిషి. చిన్నప్పుడు ఊళ్లో నాటకం ఆడిన ప్రతిసారీ ఆమె కొడుకును చంకనెత్తుకుని వచ్చేది. పెద్దకులాల పిల్లలు ముందు కూర్చుంటే వీళ్లు వెనకెక్కడో నిలబడేవాళ్లు. దర్జీ హుస్సేన్ మొహానికి మసి పూసుకుంటూనే తెర పక్కనుంచి తొంగిచూసి, "సాలవ్వా, పోరన్ని గిటు తోలు" అని పిలిచి స్వామిదాసును వేదిక అంచున కూర్చోబెట్టేవాడు.

ఆ నాటకం పేరు 'ఛాయారాజ్యం'. యుద్ధమంటే భయపడ్డ రాజు తన నీడకు ప్రాణం పోయించి తన బదులు పోరుకు పంపుతాడు. నీడ గెలిచి, ఒళ్లంతా గాయాలతో తిరిగి వస్తుంది. జనమంతా నీడకు జేజేలు కొట్టడం చూసి ఓర్వలేక, రాజు దాన్ని వెలుతురు సోకని చెరలో పెట్టిస్తాడు. చివరికి తానే దీపం పట్టుకుని ఆ చెరలోకి దిగి, మోకాళ్ల మీద పడి క్షమించమని అడుగుతాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల నీడ వేషమంటే హుస్సేన్‌దే. ఆ చెర ఘట్టంలో అతను పద్యం ఎత్తుకుంటే స్వామిదాసు వెక్కి వెక్కి ఏడ్చేవాడు.

తొంభై ఒకటిలో కామారెడ్డి స్టేషన్ దగ్గరి టాకీసులో 'ఉక్కు నీడ' అనే సినిమా వచ్చింది. ఆ పాత నాటకమే దానికి ఆధారమని పోస్టర్ మీద చిన్న అక్షరాల్లో వేశారు. రాజు బదులు శాస్త్రవేత్త, నీడ బదులు అతని పోలికలతో తయారైన ఉక్కు మనిషి, యుద్ధం బదులు వేరే గ్రహం. పిల్లలు విరగబడి చూశారు. ఊళ్లోని సాహితీ సంఘం వాళ్లు నాటకాన్నీ సినిమానూ పోలుస్తూ ఆదివారం పొద్దున సభ పెట్టి, స్వామిదాసును ప్రసంగించమన్నారు. సినిమా అతనింకా చూడలేదు. కథ విద్యార్థుల నోట విన్నాడు, అది చాలనుకున్నాడు. నాటకం సంగతి మాత్రం జనానికి కళ్లారా చూపిస్తే బాగుంటుందని ఎల్లారెడ్డి వెళ్లి హుస్సేన్‌ను అడిగాడు.

హుస్సేన్‌కు అప్పటికి అరవై అయిదు దాటాయి. వేషం కట్టి ఏళ్లయింది. "గొంతు లేస్తదో లేదో బిడ్డా" అన్నాడు.

"నేనున్న గద చిచ్చా. పక్కనే ఉంట" అన్నాడు స్వామిదాసు. చిన్నప్పటి నుంచీ అతన్ని బాబాయి వరసలో చిచ్చా అనే పిలిచేవాడు.

సభకు హాలు నిండింది. ఎక్కువమంది కాలేజీ పిల్లలే. వేదిక మీద కాలేజీ ప్రిన్సిపాల్, ఇద్దరు వకీళ్లు, వాళ్ల పక్కన స్వామిదాసు. హుస్సేన్ మసీ నూనే కలిపి పూసుకున్న మొహంతో, నల్ల కంబళి కప్పుకుని వచ్చి చెర పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం బాగానే లేచింది. రెండో పాదంలో రాగం పైకి తీయబోతే గొంతు పగిలి, గాలి మాత్రమే వచ్చింది.

"బ్యాటరీ అయిపోయింది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. సినిమాలో ఉక్కు మనిషి కూలబడినప్పుడు హాస్యనటుడు అనే మాట అది. హాలంతా నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు.

హుస్సేన్ ఆగి స్వామిదాసు వైపు చూశాడు. స్వామిదాసు చేతిలో మైకు ఉంది. పక్కన ప్రిన్సిపాల్ నవ్వుతూ తననే చూస్తున్నాడు.

"బ్యాటరీ పాతదే. కానీ నిజాం కాలంనాటి సరుకు, గ్యారంటీ ఉంది" అన్నాడు స్వామిదాసు మైకులో.

ఈసారి నవ్వులతో పాటు చప్పట్లు కూడా మోగాయి. హుస్సేన్ చేతులు జోడించి మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత స్వామిదాసు గంటసేపు మాట్లాడాడు. కాలం మారినప్పుడు కథ కొత్త బట్టలు తొడుక్కోక తప్పదన్నాడు, నాటకం పని అయిపోయిందన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. భోజనాల వేళ హుస్సేన్ కోసం వెతికితే కనిపించలేదు. మొహం కడుక్కోకుండానే బస్‌స్టాండు వైపు పోయాడని వంటవాళ్లు చెప్పారు.

ఆ రోజు నుంచి స్వామిదాసుకు అన్నం సయించలేదు. క్లాసులో ఎవరైనా నవ్వితే పాఠం మధ్యలో ఆపేసేవాడు. తనకు తాను ఎన్నో చెప్పుకున్నాడు. ముసలాయన గొంతు పోయిన మాట నిజమే కదా, తాను వాతావరణం తేలిక చేయాలనే కదా అలా అన్నది, అసలు ఆయనే రానని గట్టిగా చెప్పాల్సింది కదా. ఏది చెప్పుకున్నా, మసి పూసిన మొహంలోంచి తన వైపు తిరిగిన ఆ రెండు కళ్లు కనిపించేవి. తరువాతి ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

హుస్సేన్ భార్య ఆమినా గుమ్మంలో బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టింది.

"ఆ మొఖంతోని బస్సుల వచ్చిండు. పిల్లలు జూసి ఏడ్సిన్రంట. ఇంటికొచ్చినంక గూడ కడుక్కోడు. నేనే కడిగిన" అంది. తిట్టలేదు. లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

హుస్సేన్ కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. "రా సారు, కూసో" అన్నాడు.

అతను తనను సారు అనడం అదే మొదటిసారి. స్వామిదాసు గోడవారగా కూర్చున్నాడు.

"పోరగాండ్లు తెల్వక నవ్విన్రు చిచ్చా..."

"నవ్వింది పోరగాండ్లే" అన్నాడు హుస్సేన్ గుడ్డ సరిచేసుకుంటూ. "గని మైకు నీ చేతిల ఉండె."

చాయ్ చల్లారిపోయింది. హుస్సేనే మళ్లీ మాట కలిపాడు. "ఆ సినిమా ఇంక ఆడుతుందా? నా నీడను ఏం జేసిన్రో ఒకపారి జూడాలె."

ఇద్దరూ కలిసి కామారెడ్డి బస్సెక్కి మ్యాట్నీకి వెళ్లారు. ఉక్కు మనిషి వేరే గ్రహం మీద ఒంటరిగా నిలబడి పోరాడుతుంటే హుస్సేన్ ముందుకు వంగి కళ్లార్పకుండా చూశాడు. దాని చెయ్యి తెగి పడితే "అయ్యో" అన్నాడు. ఇంతవరకూ కథ నాటకం దారిలోనే నడిచింది. తిరిగి వచ్చాక మారింది. ఉక్కు మనిషికి ఉన్నట్టుండి పిచ్చెక్కింది. వీధిలో జనాన్ని తొక్కింది, కథానాయికను ఎత్తుకుపోయింది. శాస్త్రవేత్త దాన్ని బాంబుతో పేల్చేసి, ఆమె చేయి పట్టుకుని నడిచి వచ్చాడు. హాలంతా ఈలలు.

స్వామిదాసు చప్పట్లు కొట్టలేకపోయాడు. సభలో తాను కొత్త బట్టలన్నది దీన్ని. కానీ ఇక్కడ మారింది బట్టలు కాదు. నీడను చెడ్డదాన్ని చేసేస్తే రాజు ఇక ఎవరి ముందూ మోకరిల్లనక్కర్లేదు. వారం రోజులుగా తాను చేస్తున్నదీ అదే. ముసలాయన గొంతు మీద, పిల్లల అల్లరి మీద, అసలు ఆయన రావడం మీద తప్పు మోపి, తాను మాత్రం శుభ్రంగా బయటికి నడిచి రావాలని చూస్తున్నాడు.

టాకీసు బయట చాయ్ బండి దగ్గర హుస్సేన్ అన్నాడు. "మంచిగనే తీసిన్రు. కొట్లాటలు జబర్దస్తున్నయ్. గని దానికి పిచ్చెందుకు లేసినట్టు? ఆని కోసమే కొట్లాడి వచ్చిందాయె."

"పిచ్చి లెవ్వకుంటే వాడు తప్పు ఒప్పుకోవాలె చిచ్చా. హీరో గద, ఒప్పుకోడు."

హుస్సేన్ తలూపాడు. స్వామిదాసు గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"ఆ దినం నిన్ను నవ్వులపాలు జేసింది నేను. తేలిక చెయ్యాలని గాదు. ప్రిన్సిపాల్ నన్నే జూస్తుండె. నువ్వు నాకు కావలసినోనివని ఆయనకు తెలుస్తదని సిగ్గుపడ్డ. నన్ను చంకనెత్తుకొచ్చిన మా అవ్వ బతికుంటే నా మొఖాన ఉమ్మేది. తప్పయింది చిచ్చా."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. హుస్సేన్ మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"నిజం జెప్పినవ్. మంచిది" అన్నాడు. "మాఫ్ చేసిన అంటే నీ బరువు దిగుతదని నాకు ఎరుకే. గని నాకింక నొస్తనే ఉంది. నొస్తలేదని ఎట్ల జెప్పాలె?"

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా స్వామిదాసు అక్కడే నిలబడ్డాడు. ఇద్దరూ చేతులు ఊపుకోలేదు.

ఎండాకాలంలో ఎల్లారెడ్డి వాళ్లు బజారులో మళ్లీ 'ఛాయారాజ్యం' ఆడుతున్నారని తెలిసింది. సినిమా చూసొచ్చిన ఊరి కుర్రాళ్లే అసలు కథేంటో చూపించమని హుస్సేన్ వెంటపడ్డారట. రాజు వేషం వడ్ల వ్యాపారి లింబాద్రి కట్టాడు. స్వామిదాసును ఎవరూ పిలవలేదు. అయినా వెళ్లి, పొద్దు వాలుతుండగా జనం మధ్య నేలమీద కూర్చున్నాడు.

చెర ఘట్టం వచ్చింది. హుస్సేన్ పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలో సరిగ్గా అక్కడే గొంతు పగిలింది. స్వామిదాసు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నీళ్లు తాగి పాడు హుస్సేనన్నా" అంది ముందు వరసలోంచి కూరగాయలమ్మే భూమక్క. "మేమేడికి పోతం? కూసున్నం గద."

ఎవరో చెంబు అందించారు. హుస్సేన్ తాగి, మూతి తుడుచుకుని, పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి కింది స్థాయిలో పాడాడు. అందరూ విన్నారు.

స్వామిదాసుకు ఆ తర్వాత నాటకం సరిగ్గా కనిపించలేదు. ఆ రోజు మైకు పట్టుకుని తాను అనవలసింది అంత చిన్న మాట. బళ్లో చదవని భూమక్క నోటికి అలవోకగా వచ్చిన మాట. తనకూ రాని మాటేమీ కాదు. ఆ ప్రిన్సిపాల్ పక్కన లేకపోయి ఉంటే తప్పకుండా అనేవాడు. అదే అతన్ని ఎక్కువగా కోసింది.

ఆట అయ్యాక జనం హుస్సేన్ చుట్టూ చేరారు. ఆమినా కొంగు తడిపి భర్త మొహం మీది మసి తుడుస్తోంది. హుస్సేన్ గుంపులోంచి స్వామిదాసును చూశాడు. రమ్మనలేదు, మొహం తిప్పుకోనూ లేదు. స్వామిదాసు కొంచెంసేపు తటపటాయించి, వెళ్లి పక్కన నిలబడి ఆమె చేతికి నీళ్లచెంబు అందించాడు.